పిన్ని రేటు

మొదటి సుత్తి దెబ్బ పడ్డాక గానీ పెద్ద కోడలికి గుర్తు రాలేదు, రేటు అడగలేదని. అడగకూడదనుకుని కాదు. ఎంతవుతుంది బాబూ అనే మాటను నాలుక చివర సిద్ధంగా పెట్టుకునే తలుపు తీసింది, పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసి అని కూడా చూసుకుంది, మరీ మెత్తగా అంటే నెత్తికెక్కుతాడు, మరీ కటువుగా అంటే పని పాడుచేసి పోతాడు, అటూ ఇటూ కాకుండా, కూరగాయల బండి దగ్గర అడిగినట్టు అడగాలి అనుకుంది. తీరా తలుపు తీసేసరికి ప్లంబరు భుజాన ఉన్న సామాను సంచీ దించుతూ, "స్నానాలగది ఎటు పిన్నీ?" అన్నాడు. అయిపోయింది. పిన్నీ అన్న మనిషిని పట్టుకుని ఎంత తీసుకుంటావని ఏ నోటితో అడుగుతుంది. ఇప్పుడతను స్నానాలగదిలో గోడకెదురుగా గొంతుక్కూచుని టైలు మీద ఉలి పెట్టి కొడుతున్నాడు, ఈవిడ గుమ్మానికి ఇవతల ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని చూస్తోంది, దెబ్బదెబ్బకీ కడుపులో ఏదో మీటరు తిరుగుతున్నట్టుంది, ఠంగుమంటే యాభై, ఠంగుఠంగుమంటే వంద, ఉలి జారి పక్క టైలుకి తగిలితే దానిక్కూడా పడుతుందా, లేక గురి కుదిరిన దెబ్బలకేనా. అదిగో, పక్క టైలు కూడా పగిలింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూడలేదంటే పగిలిందని అతనికి తెలుసన్నమాట.

పిలుపును బట్టి రేటుంటుందని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది, ఎవరికీ చెప్పలేదు గానీ. మేడమ్ అన్నారంటే పూర్తి రేటు, పైన రానూపోనూ ఖర్చులు. అమ్మా అంటే అదే రేటు, కాకపోతే తీసుకునేటప్పుడు కాస్త మొహమాటపడతారు. అక్కా అంటే బేరానికి చోటుందని అర్థం, సగం దగ్గర మొదలుపెట్టి ముప్పావు దగ్గర తేలొచ్చు, మధ్యలో నాలుగు మాటలు అనుకోవచ్చు కూడా, అక్కాతమ్ముళ్ళన్నాక అనుకోరా. పిన్నీ దగ్గరికొచ్చేసరికి మాత్రం రేటన్నదే ఉండదు. అక్క కొడుకు పని చేసిపెడతాడు, పిన్ని తనకు తోచింది చేతిలో పెడుతుంది, వాడు ఎంతో చూడకుండా జేబులో వేసుకుంటాడు. రేటు లేదంటే చవకని కాదు, అడ్డూ ఆపూ లేదని. తోచింది తక్కువైందనుకో, పైకి ఏమీ అనడు, ఆ చూడకుండా జేబులో వేసుకోవడంలోనే అన్నీ ఉంటాయి, మళ్ళీ కుళాయి కారినప్పుడు ఫోనెత్తకపోవడంలో మిగతావి ఉంటాయి. ఎక్కువైందనుకో, ఇంటాయన భోజనం చేస్తున్నంతసేపూ దాని గురించే. అయినా ఇతని తలలో తనకన్నా ఎక్కువ తెల్లవెంట్రుకలున్నాయి, బొజ్జ కూడా ఉంది, కూచుంటే చొక్కా గుండీలు ప్రాణాలు బిగబట్టుకుంటున్నాయి, ఇతనికి తను పిన్ని ఎలా అయిందో, పోనీ అక్కా అని ఉంటే గౌరవానికి గౌరవం, బేరానికి బేరం.

ఫోను మోగింది. ఆయనే, గోదాములోంచి, వెనకాల లారీలు వెనక్కి వచ్చేటప్పటి కూత. ముందే మాట్లాడుకున్నావా అని. ఆవిడ వంటగదిలోకి వెళ్ళి గొంతు తగ్గించి, మాట్లాడుతున్నానండీ అంది. మాట్లాడుతున్నావా, ముందు మాట్లాడాలి, గోడ సగం పగలగొట్టిన మనిషిని పొమ్మనగలవా, అప్పుడింక వాడు చెప్పిందే ధర అని ఆయన. ఆ సంగతి ఆవిడకు తెలియదా. తెలిసిన సంగతిని తెలియనివాళ్ళకు చెప్పినట్టు చెప్పడంలో ఆయన ఎక్కడో శిక్షణ తీసుకున్నాడు. పోయినేడాది చేతులు కడుక్కునే సింకు దగ్గర ఆయనే మాట్లాడాడుగా, గట్టిగా, గుమ్మంలోనే నిలబెట్టి, వాషరు మార్చడానికి ఇంత, ఇంతకు మించి లేదు అని. ఆ మనిషి సరే సార్ అన్నాడు, వాషరు మార్చాడు, దానికి జానెడు దూరంలో కారుతున్న నట్టు వంక చూసి, అది మాటలో లేదు కద సార్ అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ నట్టు కింద ఈవిడ స్టీలు గిన్నె పెట్టుకుంది, చాలా రోజులు. ముందే మాట్లాడుకుంటే గిన్నె పెట్టుకోవాలి, మాట్లాడుకోకపోతే గుండె చేత్తో పట్టుకోవాలి, ఇల్లు కట్టుకున్నవాళ్ళకి ఈ రెండే దారులు కాబోలు.

తను పనిచేసే ఆసుపత్రిలో ఈ గొడవ లేదు. చీట్లు రాసే కౌంటరు దగ్గర ఆవిడ కుర్చీ వెనక గోడమీద బోర్డుంటుంది, డాక్టరు చూసినందుకు ఇంత, రక్తపరీక్షకి ఇంత, కట్టు మార్చడానికి ఇంత. వచ్చినవాళ్ళు తనను పిన్నీ అన్నా వదినా అన్నా బోర్డు ఉలకదు పలకదు, తను బోర్డు వైపు వేలు చూపిస్తుంది, అంతటితో సరి. మనిషి మోకాలికి రేటున్నప్పుడు గోడలో పైపుకి ఎందుకుండదు. నిన్న సెలవు చీటీ రాస్తూ, ప్లంబరుకి ఎంతివ్వాలని అందరినీ అడిగింది. కట్లు కట్టే నర్సు చెప్పింది, చూడ్డానికి వచ్చినందుకు వేరే, పనికి వేరే, సామానుకి వేరే, సామాను తేవడానికి కొట్టుకి వెళ్ళొచ్చినందుకు ఇంకా వేరే, గోడ పగలగొట్టే చెయ్యి ఒకటి, పూడ్చే చెయ్యి ఇంకొకటి, ఆ రెండో చేతిని మళ్ళీ మనమే వెతుక్కోవాలి. పక్కింటి లెక్కల మాస్టారు రోజుకూలిని గంటలతో భాగించి, వచ్చినదాన్ని నలభై నిమిషాలతో హెచ్చవేసి ఒక అంకె చెప్పాడు, చాలా అందమైన అంకె, చివర చిల్లరతో సహా. అయితే ఆ మాస్టారింటి పెరట్లో కుళాయికి ఇప్పటికీ సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. ఇక మిగతావాళ్ళు, ఎంత తక్కువకి చేయించుకున్నామో చూడండని చెప్పుకునేవాళ్ళు సగం, ఎంత దోచుకున్నాడో వినండని చెప్పుకునేవాళ్ళు సగం, అసలెంతయిందో ఏ సగంలోనూ లేదు.

ఎంతయినా ఇచ్చేయొచ్చు. ఆవిడ అసలు భయం అది కాదు. ఠంగు. ఆ గోడ వెనక కారుతున్నది తన పైపని తేలితే, గోడకి ఖర్చు పెట్టుకోవడమే కాదు, కిందింటి పైకప్పుకి కూడా పెట్టుకోవాలి, సున్నం, రంగు, అంతా, పెట్టుకోవడమే కాదు, ఆ సంగతి తనే కిందికి దిగి వెళ్ళి చెప్పాలి, తలొంచుకుని, తోడికోడలికి. కింది వాటా మరిదిది. మీ నీళ్ళు మా ఇంట్లోకి దిగుతున్నాయి అని చిన్న కోడలు తన మొగుడికి చెబితే, మరిది వాళ్ళన్నకి చెబితే, ఆయన అన్నం కలుపుకుంటూ ఈవిడకి చెప్పాడు. మీ నీళ్ళు. ఒకటే ట్యాంకు, ఒకటే మోటారు, నెలకోసారి కరెంటు బిల్లు ఒకటే, మరి నీళ్ళకి మీ అనీ మా అనీ ఎక్కడినుంచి వచ్చాయి, కాపురానికి వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకే స్టవ్వు మీద వంట చేసుకున్నవాళ్ళు, ఒకళ్ళు పాలు పెడితే ఒకళ్ళు పొంగకుండా కాపలా కాసినవాళ్ళు, తలనొప్పి మాత్ర విరిచి చెరిసగం వేసుకున్నవాళ్ళు, అత్తగారు గురక పెడుతుంటే ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నవ్వాపుకున్నవాళ్ళు. నీళ్ళకి కూడా ఇంటిపేరు పెట్టేసింది మహాతల్లి.

ఈ ఎడమొహం పెడమొహం అంతా ఒక రసీదుతో వచ్చింది. మేడమీద ట్యాంకు వాల్వు పోయినప్పుడు పెద్ద కోడలే దగ్గరుండి మార్పించింది, మండుటెండలో, గొడుగేసుకుని, ఎంత ఎండంటే ఆ ప్లంబరు కూడా గొడుగు కిందికి వచ్చి నిలబడ్డాడు. చివర్లో అతని చేతిలో పెట్టిన పై డబ్బులు తన సొంత డబ్బాలోంచి తీసింది, అవి లెక్కలో చెప్పలేదు, చెప్పాలని కూడా అనిపించలేదు. మొత్తం ఇంతయింది, మీ సగం ఇంత అంది. చిన్న కోడలు పర్సు జిప్పు తీస్తూ, "రసీదేమన్నా ఇచ్చాడా అక్కా?" అంది. అంతే అంది. అది ఆఫీసులో లెక్కల విభాగంలో పనిచేస్తుంది, అక్కడ రసీదు లేకుండా కుర్చీ కూడా పక్కకి జరగదు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ మాటే అని అని నోటికి అంటుకుపోయి ఉంటుంది, నిద్రలో మొగుణ్ణి కూడా అడుగుతుందేమో. ఇదంతా తర్వాత, చాలా తర్వాత, ఒకరోజు కౌంటరు దగ్గర చీటీ రాస్తుండగా తోచింది. ఆ క్షణంలో మాత్రం, నా మొహమే రసీదు అనేసి మెట్లెక్కింది. సాయంత్రానికి చిన్నది డబ్బు కవర్లో పెట్టి పంపింది, కవరు మీద గుండ్రంగా 'ట్యాంకు వాల్వు – సగం' అని రాసి, కింద తేదీ వేసి. ఆ తేదీ చూసి పెద్ద కోడలికి పుట్టిన మంట ఇంకా ఆరలేదు. అప్పట్నుంచి మోటారు వెయ్యమనాలన్నా ఆపమనాలన్నా అన్నదమ్ములే ఫోన్లు చేసుకుంటున్నారు, వాళ్ళకి ఈ జన్మలో ఇన్ని మాటలు ఎప్పుడూ లేవు.

సుత్తి ఆగింది. లోపల ఏదో గీకుతున్న చప్పుడు. ఇందాక పైకి రాకముందు అతను కిందింట్లోకే వెళ్ళాడు, మచ్చ చూడ్డానికి. మెట్ల పక్క కిటికీలోంచి మాటలు పైకి వినిపించాయి, వినాలని ఈవిడ అక్కడికి వెళ్ళలేదు, ఎలాగూ అక్కడే నిలబడి ఉంది. "ఎన్నాళ్ళనుంచి కారుతోంది అత్తా?" అని అడిగాడు దాన్ని. అత్తా. ఇదెక్కడి వరస. తోడికోడళ్ళలో ఒకళ్ళు పిన్నయితే రెండోవాళ్ళు కూడా పిన్నే కావాలి, మహా అయితే పెద్దమ్మ కావాలి, అత్త ఎలా అవుతుంది, అంటే ఒకే గుమ్మంలో పై అంతస్తుకి కొడుకు, కింది అంతస్తుకి అల్లుడూనా ఈ మనిషి. అక్కడ నవ్వు కూడా వినిపించింది. నవ్వదూ మరి, అత్తకేం, సుఖపడింది, ఏమయ్యా అల్లుడూ ఈసారి ఎంత కొట్టేద్దామని వచ్చావు అని మొహమ్మీదే అడిగేయొచ్చు, వేళాకోళం ఆడొచ్చు, అల్లుడు కూడా నవ్వుతూ రేటు బయటపెట్టేస్తాడు. పిన్నికేముంది, పెద్దరికం చూసుకుంటూ స్టూలు మీద కూచోవాలి. ఆఖరికి వరసల్లో కూడా దానికే మంచిది దొరికింది.

"పిన్నీ, ఒక టీ కావాల్సొస్తుంది," అన్నాడు లోపల్నుంచి.

వెంటనే లేచింది. పాలు పొయ్యి మీద పెడుతూ ఆలోచించింది, అడిగి తాగే టీ అంటే చొరవ, చొరవంటే చుట్టరికం ముదురుతోందని అర్థం, టీ ఇచ్చాక ఇంక రేటు మాట ఎత్తడం అసలు కుదరదు, ఇవ్వకపోతే పిన్నితనం ఏముంది. చక్కెర ఎంత వెయ్యాలి, తక్కువ వేస్తే పిసినారిదంటాడు, ఎక్కువ వేస్తే ఉన్నవాళ్ళనుకుని రేటు పెంచుతాడు, చెంచాన్నర దగ్గర ఆగింది. మంచి కప్పులో పోసింది, మళ్ళీ ఎందుకని రోజువారీ కప్పులోకి మార్చింది. తీసుకెళ్ళి ఇస్తే అతను కప్పు వైపు చూశాడు, గోడలో కన్నం వైపు చూశాడు. ఇది కాదు పిన్నీ, పైపుకి మూడు వైపులా బిగించే టీ, పాతది పగిలింది, కొత్తది కావాలి అన్నాడు. ఆవిడ కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. తెచ్చారు కాబట్టి ఇటివ్వండి అని తాగేశాడు, చక్కెర బాగానే ఉందన్నాడు కూడా. ఆవిడ హాల్లోకి వచ్చి, సోఫా చేతి మీద కూచుని, పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది, నవ్వాగాక చుట్టూ చూస్తే ఎవరూ లేరు. ఇది చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పుకోవాలి. ఆయనకి చెబితే ఎంత సైజు టీ అని అడుగుతాడు. నర్సుకి చెబితే టీకి కూడా వేరే అంటుంది. ఇలాంటివి చెప్పగానే అందుకుని, పడీపడీ నవ్వి, మళ్ళీ మొదట్నుంచి చెప్పక్కా అనే మనిషి ఒక్కతే, సరిగ్గా ఈ సోఫా కింద, ఓ స్లాబు కింద ఉంది.

రండి పిన్నీ, చూడండి అని పిలిచాడు. ఇల్లు కట్టినప్పుడు తనే ఎంచి తెచ్చుకున్న లేతనీలం టైల్స్ ముక్కలు నేలంతా. గోడలో చెయ్యి పట్టేంత కన్నం, దాంట్లో పక్కపక్కనే రెండు పైపులు, ఇన్నేళ్ళూ తన సబ్బు పెట్టెకి వెనకాలే ఉన్నాయి, ఎప్పుడూ చూడలేదు. అతను ఉలితో తడుతూ చెప్పాడు, ట్యాంకు నుంచి రెండూ ఇట్లాగే దిగుతున్నాయి, ఇది మీ స్నానాలగదికి, ఇది మీ గోడలోంచి కిందింటి వంటగదికి. మీది పొడిగా ఉంది, ముట్టుకుని చూడండి. కారేది రెండోది.

ముట్టుకుని చూసింది. పొడిగా ఉంది. ఒళ్ళంతా చల్లబడింది, ఆనందంతో. అంటే వాళ్ళ నీళ్ళే వాళ్ళ ఇంట్లోకి దిగుతున్నాయన్నమాట, దారిలో తన గోడను పాడుచేసుకుంటూ. తన నీళ్ళ మీద మచ్చ లేదు. ఎన్నిసార్లు స్నానం మధ్యలో, ఇది కూడా కిందికి దిగుతోందేమో అని చెంబు ఆపింది, ఎన్నిసార్లు సబ్బు నురగ సగం ఉండగానే బయటికొచ్చేసింది. ఖర్చు ఎవరిదో తేలాక నోరు ఎంత సులువుగా పెగిలిందో ఆవిడకే ఆశ్చర్యం వేసింది. "ఎంతవుతుంది మరి?" అని అడిగేసింది, బండి దగ్గర అడిగినట్టు, అటూ ఇటూ కాకుండా.

అతను గడ్డం గోక్కున్నాడు. సిమెంటు ధూళి గడ్డానికి అంటుకుంది. "పైపు వాళ్ళది, గోడ మీది. మధ్యలో నేనేం చెప్తాను పిన్నీ. ఇద్దరూ మాట్లాడుకుని ఇవ్వండి."

ఇద్దరూ మాట్లాడుకుని. వెయ్యి అని ఉంటే బాగుండేది. రెండు వేలు అని ఉంటే గొడవ పెట్టుకునేది, గొడవ పెట్టుకుని ఇచ్చేసేది. ఈ మనిషి అమాయకుడేం కాదు, ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా కూచుని తేల్చుకుంటే ఒకళ్ళ ముందు ఒకళ్ళు చిన్నబోకూడదని చెరో వందా ఎక్కించుకుంటారని తెలిసే అన్నాడు, ఎన్ని ఇళ్ళల్లో చూసి ఉంటాడు. ఎంతో చెప్పు బాబూ, అంతా నేనే ఇచ్చేస్తాను అంది. అయ్యో, మీరొక్కళ్ళే ఎందుకిస్తారు, అత్త ఊరుకుంటుందా అన్నాడు, అని సంచీలో చిల్లర వెతుక్కుంటూ, అసలైన టీ కోసం కొట్టుకి వెళ్ళాడు. వెళ్ళినంతసేపూ ఆవిడ ఆ కన్నం ముందు నిలబడి ఉంది. పగిలిన దగ్గర నుంచి నీటి చుక్క ఊరి, పైపు వెంట జారి, స్లాబులోకి ఇంకిపోతోంది, మళ్ళీ ఇంకొకటి. చూస్తూ ఉంటే దానిమీద ఎవరి పేరూ కనిపించలేదు, కానీ ఆ ఆలోచనను పక్కకి నెట్టేసింది, గెలిచినవాళ్ళు అలాంటివి ఆలోచించకూడదు.

అతను వచ్చి, బిగించి, తెల్ల టేపు చుట్టి, ఇప్పుడు నేను వాల్వు తిప్పి నీళ్ళు వదులుతాను, మీరు కిందికి వెళ్ళి కప్పు కేసి చూడండి, చుక్క పడితే కేకెయ్యండి అన్నాడు. అత్త ఉందిగా, అక్కడే ఉంది, నువ్వే అడుగు అంది. అత్తకి పాత చుక్కేదో కొత్త చుక్కేదో తెలీదు, గోడ చూసినవాళ్ళు మీరు అన్నాడు. దిగక తప్పలేదు. మెట్ల మీద మాటలు కూర్చుకుంది. పైమెట్టు దగ్గర, మీ నీళ్ళేనట, మా నీళ్ళు కాదట. అది మరీ మొరటుగా ఉంది. మలుపు దగ్గర, ప్లంబరు చెప్పమన్నాడు, పైపు మీ వంటగదిదట. అది మరీ మెత్తగా ఉంది. కిందికి వచ్చేసరికి ఒక మంచిది దొరికింది, కావాలంటే రసీదిమ్మంటాను. అది నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించుకుని, తలుపు తట్టింది.

చిన్న కోడలు తలుపు తీసి పక్కకి తప్పుకుంది. పడకగదిలో మంచాన్ని ఎదురుగోడకి జరిపేశారు. బీరువా మీద ప్లాస్టిక్ పట్టా కప్పి తాడుతో కట్టారు. పరుపు లేదు, వస్తూ వస్తూ హాల్లో చూసింది దాన్ని, చుట్టి మూలకి నిలబెట్టి ఉంది, అంటే మొగుడూ పెళ్ళాం పాపా ముగ్గురూ హాల్లోనే పడుకుంటున్నారన్నమాట. కిటికీ ఊచల మీద పాప పుస్తకాలు తెరిచి బోర్లా ఆరేసి ఉన్నాయి. పైన మచ్చ ఆయన చెప్పినంత లేదు, అంతకు రెండింతలుంది, అంచులు పసుపురంగుకి తిరిగి, మధ్యలో పెచ్చులూడి. దాని కింద బకెట్టు, బకెట్లో మడిచిన తువ్వాలు. ఆవిడ నోట్లో ఉన్న మాట ఏమయిందో తెలియలేదు.

"బకెట్లో ఈ గుడ్డెందుకు?" అంది.

"చప్పుడికి పాప లేచిపోతోంది," అంది చిన్న కోడలు.

ఇద్దరూ తలలెత్తి నిలబడ్డారు. మెడలు లాగుతున్నా ఇద్దరూ దించలేదు, దించితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలి. పైనుంచి, వదిలాను పిన్నీ అన్న కేక, గోడలో నీళ్ళు పరిగెత్తిన చప్పుడు. మచ్చ చివర ఒక చుక్క ఊరింది, లావెక్కింది, ఊగింది, తువ్వాలు మీద పడింది, చప్పుడు లేకుండా.

"పాతదేమో," అంది పెద్ద కోడలు.

"పాతదే అయ్యుంటుంది," అంది చిన్న కోడలు.

ఇంకొకటి కోసం చూశారు. రాలేదు. ఎక్కడో వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక అవస్థ పడుతున్నారు. వంటగదికి దిగే పైపట అంది పెద్ద కోడలు కప్పుకేసి చూస్తూనే, ఎవరి వంటగదికో చెప్పలేదు. చిన్నది లెక్క కూడుకుంటున్నట్టు పెదాలు కదిపింది. మరి గోడో అంది. గోడ పై వాటాదే, టైల్స్ రెండు పగిలాయి అంది ఈవిడ, నిజానికి నాలుగు పగిలాయి, రెండని ఎందుకందో తెలియదు. ఎంతడిగాడు అంది చిన్నది. అడగలేదు, మాట్లాడుకుని ఇమ్మన్నాడు. ఎవరు మాట్లాడుకుని అని అడగబోయి చిన్నది సగంలో ఆగింది, బకెట్లో తువ్వాలు తీసి పిండింది, తిప్పి మడిచింది, మళ్ళీ పెట్టబోయి అక్కర్లేదనుకుందేమో చేతిలోనే ఉంచుకుంది.

"ఎంతిద్దాం?" అంది.

పెద్ద కోడలు పమిటకి అంటిన సిమెంటు ధూళి దులుపుకుంది. "నువ్వు చెప్పు. లెక్కలు నీకు తెలుసు."

"నువ్వే చెప్పక్కా. మనుషులు నీకు తెలుసు."

"పిన్నీ, అత్తా, పడుతోందా లేదా?" పైనుంచి కేక.

పెద్ద కోడలు చెప్పడానికి నోరు తెరిచింది. చిన్నది తడి చేత్తో మోచెయ్యి పట్టుకుని ఆపింది, ఇప్పుడే లేదంటే దిగొచ్చేస్తాడు, మనమింకా తేల్చుకోలేదు అని గొణిగింది. నిజమే, అంకె ఇంకా పుట్టనే లేదు, తొందరపడితే నిండా మునుగుతారు. పెద్ద కోడలు మంచం అంచున కూచుని, పక్కన చెయ్యి పెట్టి చోటు చూపించి, పైకి వినపడేలా గొంతెత్తింది.

"ఇంకాసేపు వదులు బాబూ. చూస్తున్నాం."